పాత యంత్రాలు, తెలుగు తెర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి ఆరగించి, పంచాంగ శ్రవణం ముగించుకొని కూర్చున్న మీ ముందు కంప్యూటర్ల ముచ్చట తీసుకురావడం సమయోచితమేనా అని మాలో కొందరికి సందేహం కలిగింది. కాని ఇది మన పిల్లల తెలుగుకు సంబంధించిన సంగతి గనుక కొంచెం ఓపికతో వినవలసిందని మనవి.

మన విరించిపురం మార్గబంధు స్వామి ఆలయంలో పొద్దు చూపే రాయి ఉన్నది. గాడిలో పుల్ల నిలిపితే, నీడ పడిన అంకె వేళను చెబుతుంది. దానికి తాళం లేదు, రుసుము లేదు. ఎట్లా పనిచేస్తున్నదో చూసేవారికి దాపరికమూ లేదు. లినక్స్ కూడా ఆ జాతిదే. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ రచనను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పొరుగువారికి పంచవచ్చు. దాని ఆధారంగా 1993 నుంచి స్వచ్ఛందంగా తయారవుతున్నదే డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను ఒప్పుకోదు. అందుచేత వేలూరులోనూ గుడియాత్తంలోనూ మనవారి ఇళ్లలో మూలబడిన ఏడు కంప్యూటర్లు అడిగి తెచ్చి, పిల్లల ఆదివారపు తెలుగు తరగతికి సిద్ధం చేయ పూనుకున్నాము. ఒక పెన్ డ్రైవు, ఒక పూట పని అనుకున్నాము. అంత సులభంగా తేలలేదు!

ముందు పెన్ డ్రైవునుంచి యంత్రాన్ని లేపడమే ఒక చిక్కు. ఒకదానికి ఎఫ్ 12 నొక్కాలి, మరొకదానికి ఎఫ్ 9, ఇంకొకదానికి ఎస్కేప్. ఆ కిటుకు తెలిశాక మూడు యంత్రాలు గంటకొకటి చొప్పున దారికి వచ్చినవి. వాటిలో ఒకటి, తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన పథకం కింద మన బిడ్డకు ఉచితంగా వచ్చిన లాప్‌టాప్. సీ-డాక్ వారు డెబియన్ మీదనే కట్టి, 2007లో విడుదల చేసిన ‘బాస్’ లినక్స్ అందులో మొదటినుంచీ ఉన్నదట. ఇంట్లో ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు!

నాలుగవది 32 బిట్ల పాతకాలపు యంత్రం. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఆ తరగతి యంత్రాలకు స్థాపన ప్రతిని ఇవ్వడం మానేసింది. డెబియన్ 12 ఎక్కించి, తేలికపాటి తెరను అమర్చితే, నెమ్మదిగానైనా నడిచింది. అయిదవ దానికి వైఫై అందలేదు. మా దగ్గరి పాత ప్రతిలో ఆ పరికరానికి కావలసిన ఫర్మ్‌వేర్ లేదు. డెబియన్‌వారు 2022లో ఓటు వేసుకొని, 12వ సంచిక నుంచి దాన్ని స్థాపన ప్రతిలోనే చేర్చారు. కొత్త ప్రతి పెట్టగానే చిక్కు తీరింది. ఆరవది అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై. దాని ప్రాసెసరు జాతే వేరు. దానికి తగిన ప్రతిని మెమరీ కార్డు మీద వేరుగా రాయవలసి వచ్చింది. వ్యవస్థ ఒకటే అయినా, ప్రతి యంత్రాన్నీ ముందు ‘నీ స్వభావమేమి?’ అని అడగాలని మాకు బోధపడింది.

ఇక ఏడవ యంత్రం. చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. దాన్ని ఇచ్చిన అక్కయ్య, “అందులో ఏమీ లేదు, తీసుకెళ్లండి” అన్నారు. డిస్కు అంతా తుడిచేయమంటారా అని తెర అడిగితే, మేము సరేనన్నాము. మరునాడు ఆమె పరుగున వచ్చారు. గతించిన వారి అవ్వ పాడిన తెలుగు పెండ్లిపాటలు, పదకొండు, అందులోనే ఉన్నవట. ఫైళ్లను వెలికితీసే పనిముట్లతో రెండు రాత్రులు వెదికాము. నాలుగు దొరికినవి. ఏడు పోయినవి. ఆమె మమ్మల్ని ఒక్కమాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ. తప్పు యంత్రానిది కాదు, లినక్స్‌దీ కాదు. ముందు నకలు తీయని మాది.

మొదటి తరగతి నాడు, తమిళ మాధ్యమంలో తొమ్మిది చదివే ఒక అమ్మాయి కళ్లెదుటనే ఒక యంత్రంలో మళ్లీ స్థాపన చేసి చూపించాము. భాషల జాబితాలో ‘తెలుగు’ అన్నమాట కనబడింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని, చదవడం ఇప్పుడిప్పుడే నేరుస్తున్నది. కూడబలుక్కొని చదివి, “మన భాష కూడా ఉందే!” అన్నది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు ఉచితంగా అందించిన పోతన లిపిలో తన అవ్వ పేరు టైపు చేసింది. ఆ ఒక్క పేరుకు పది నిమిషాలు పట్టింది. మేము తొందరపెట్టలేదు.

సోదరులారా, తెలుగు లిపి ఎన్నిసార్లయినా ఉచితంగా తెచ్చుకోవచ్చు. అవ్వ గొంతు మళ్లీ రాదు. అందువల్ల మా విన్నపం రెండు మాటలే. మూలబడిన యంత్రాలను పారవేయక మాకివ్వండి. ఇచ్చేముందు అందులోని ఫోటోలను, పాటలను, ఉత్తరాలను రెండు చోట్ల నకలు తీసి ఉంచండి. చేతకాకపోతే చెప్పండి, మేమే మీ ఇంటికి వచ్చి, మీ ఎదుటనే తీసిపెడతాము. ఆ తరువాతనే తుడుస్తాము.

ఆ నాలుగు పాటలను అక్కయ్య అనుమతితో ఈ సాయంకాలం, తరగతి కంప్యూటరు మీదనే వినిపిస్తున్నాము. ఉండి విని వెళ్లవలసిందిగా ప్రార్థన. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.