గాజా తరగతి గది

పాలస్తీనా కవి రెఫాత్ అల్ అరీర్ 1979లో గాజా నగరంలోని షుజాయియాలో పుట్టారు. గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం బోధించేవారు. ఇజ్రాయెల్ దిగ్బంధంలో బతికే పిల్లలకు షేక్‌స్పియర్, జాన్ డన్ ఎందుకంటారా? ఆయన అవి చదివించి ఊరుకోలేదు, వాళ్ల కథలు వాళ్లచేతే ఇంగ్లీషులో రాయించారు. 2023 డిసెంబరు 6న ఇజ్రాయెల్ వైమానిక దాడిలో మరణించారు. ఆయన కవిత 'ఇఫ్ ఐ మస్ట్ డై' ఆ తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది. అంత పేరు రాకపోయినా, 2014లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన 'గాజా రైట్స్ బ్యాక్' సంకలనమే నా దృష్టిలో ఆయన అసలైన ఆస్తి. అందులో 15 మంది యువ రచయితలవి 23 కథలున్నాయి; రాసినవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే.