గర్భిణులు – ఇంట్లో యోగాభ్యాసం

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇంట్లో కూతురో కోడలో నెల తప్పిందని తెలియగానే సలహాలకు కొదవుండదు. బొప్పాయి తినకు, గడప మీద కూర్చోకు, బరువులెత్తకు అని ఒకరంటారు. కాస్త వొళ్ళు వంచి పని చేస్తే పురుడు సుఖంగా వస్తుందని ఇంకొకరంటారు. వీటికి తోడు ఈమధ్య యోగాసనాల సలహా కూడా వచ్చి చేరింది. సెల్‌ఫోన్‌లో ఎవరో నిండు నెలల్లో తలకిందులుగా నిలబడి చూపిస్తారు. అది చూసి అమ్మాయి ముచ్చటపడుతుంది, అత్తగారు గుండె పట్టుకుంటుంది! ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజం? కడుపుతో ఉన్నవాళ్ళు ఇంట్లో ఆసనాలు వెయ్యవచ్చా, కూడదా? ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

వెయ్యవచ్చు. కానీ ముందుగా డాక్టరమ్మను అడగాలి. ఇది మాటవరసకు చెప్పేది కాదండీ. రక్తస్రావం కనిపించినవాళ్ళు, మాయ కిందికి ఉన్నదని స్కానింగులో తేలినవాళ్ళు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్ళు, లోగడ నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్ళు, కవలలున్నవాళ్ళు, రక్తపోటో గుండెజబ్బో బాగా రక్తహీనతో ఉన్నవాళ్ళు – వీళ్ళెవరూ డాక్టరు సరేననేదాకా చాప పరవకూడదు. మిగతావాళ్ళకు మాత్రం కదలకుండా కూర్చోవటమే మంచిదనే కాలం పోయింది. వేరే ఇబ్బంది లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు, మరీ అలిసిపోకుండా, ఒంటికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. నడకా, నిదానమైన ఆసనాలూ ఇందులోకే వస్తాయి.

మన పొరుగున బెంగుళూరులో 335 మంది గర్భిణులను పరిశీలించి ఆ ఫలితాలను 2005లో ప్రకటించారు. అయిదో నెల వచ్చేసరికి మొదలుపెట్టి, కొందరు రోజూ ఒక గంట యోగాభ్యాసం చేశారు. తక్కినవారు రెండు పూటలా అరగంట చొప్పున నడిచారు. యోగాభ్యాసం చేసినవారిలో రెండున్నర కిలోలు, ఆ పైన బరువున్న బిడ్డలు ఎక్కువమందికి పుట్టారు. నెలలు నిండకుండా నొప్పులు రావటమూ తక్కువే. అయితే అది చీట్లు వేసి రెండు జట్లుగా విడదీసి చేసిన పరిశీలన కాదు. కాబట్టి దీన్నిబట్టి యోగం సర్వరోగనివారిణి అనుకోరాదు. మేలు చేసే అవకాశం ఉందని మాత్రం ధైర్యంగా అనుకోవచ్చు.

"మా రోజుల్లో ఈ ఆసనాలన్నీ వేశామా? తిరగలి విసిరాం, బావిలో నీళ్ళు తోడాం, పదిమందిని కన్నాం" అంటారు పెద్దవాళ్ళు. నిజమే. కానీ ఇంటిపని వేరు, ఇది వేరు. గిన్నెలు తోమేటప్పుడు నడుం వంగే ఉంటుంది, ఊపిరి బిగపట్టే ఉంటుంది, మనసేమో పొయ్యి మీది పాల మీద ఉంటుంది. యోగాభ్యాసంలో ఒళ్ళూ, ఊపిరీ, మనసూ మూడూ ఒకచోట ఉండాలి. అందుకని రోజుకొక అరగంట ఆ అమ్మాయిని ఎవరూ పిలవకుండా ఉంటే చాలు. ఆ అరగంట పొయ్యి దగ్గర నిలబడే బాధ్యత అత్తగారిదో, ఆడపడుచుదో, అసలు భర్తగారిదో కావాలి.

ఇక ఏర్పాట్లు. ఈనాటి ఇళ్ళలో నున్నటి పలకల నేలలు. వాటి మీద జంపఖానా జారుతుంది. జారని చాప గోడవారగా వేసుకోండి. చీర కుచ్చెళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయి గనుక వదులైన పంజాబీ డ్రెస్సు నయం. భోజనం చేసి రెండు మూడు గంటలన్నా కావాలి. అలాగని పరగడుపునా వద్దు, కళ్ళు తిరుగుతాయి. ఒక అరటిపండో, చిన్న గ్లాసుడు పాలో తీసుకుని అరగంటాగి మొదలుపెట్టండి. మంచినీళ్ళు దగ్గరుంచుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం ఉక్కలో అసలు వద్దు.

మొదటి మూడు నెలలూ వేవిళ్ళతోనే సరిపోతుంది. అంతకుముందు అలవాటు లేనివాళ్ళు ఆ రోజుల్లో కాస్త నడక, నెమ్మదిగా గాలి పీల్చి వదలటం, ఇంతటితో తృప్తిపడి నాలుగోనెలలో ఆసనాలు మొదలుపెట్టవచ్చు. తెలిసిన గురువు దగ్గర రెండు మూడుసార్లు నేర్చుకుని ఇంట్లో చేసుకోవటం శ్రేష్ఠం. పాత అలవాటున్నవాళ్ళు మాత్రం కొన్నిటికి సెలవు చెప్పాలి. బోర్లా పడుకుని వేసే భుజంగాసనం, శలభాసనం, ధనురాసనం. పొట్ట నొక్కుకునే పశ్చిమోత్తానాసనం, హలాసనం. నడుము గట్టిగా మెలితిప్పేవి. తలకిందులయ్యేవి – ఇవేవీ వద్దు. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగపట్టే కుంభకం కూడా వద్దు.

ఎందుకు వద్దంటే, ఈ రోజుల్లో ఊరే హార్మోన్ల వల్ల కీళ్ళను పట్టి ఉంచే కట్లు వదులవుతాయి. "అబ్బ, ఇదివరకంటే బాగా వంగుతున్నానే" అని మనకు సంబరంగా ఉంటుంది. అది సామర్థ్యం కాదు, కీలు వదులు. అక్కడ అతి చేస్తే బెణుకుతుంది. పొట్ట ముందుకు రావటంతో ఒంటి తూకమూ మారుతుంది, కాలు తడబడుతుంది.

చెయ్యదగినవి చెబుతాను. మొదట తాడాసనం. గోడకు దగ్గరగా, పాదాల మధ్య జానెడు ఎడంతో నిలబడి, గాలి పీలుస్తూ చేతులు పైకెత్తి, వదులుతూ దించండి. మునివేళ్ళ మీద లేవకండి. అయిదుసార్లు చాలు.

రెండోది మార్జాలాసనం. మోకాళ్ళ మీదా అరచేతుల మీదా ఆనుకుని, గాలి వదులుతూ వీపును కోపమొచ్చిన పిల్లిలా పైకి గుండ్రంగా చెయ్యాలి. పీలుస్తూ మళ్ళీ సమంగా తేవాలి. నడుమును కిందికి వేలాడెయ్యకూడదు. ఆరేడు నెలల నడుంనొప్పికి ఇది మంచి సాయం.

మూడోది బద్ధకోణాసనం. మడిచిన దుప్పటి మీద గోడకానుకుని కూర్చుని, రెండు అరికాళ్ళూ కలిపి, మోకాళ్ళను పక్కలకు వదిలెయ్యండి. మోకాళ్ళను చేత్తో నొక్కకండి, ఇంకొకరిచేత నొక్కించుకోకండి. పొత్తికడుపు కింది ఎముక దగ్గర నొప్పి పుడితే ఆసనం మానెయ్యండి.

నాలుగోది ఎవరికీ కనపడని వ్యాయామం. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించినట్టు కింది కండరాలను బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి, వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. నిజంగా మూత్రానికి వెళ్ళినప్పుడు మాత్రం ఇది చెయ్యరాదు. తుమ్మితే దగ్గితే చీర తడిసే ఇబ్బంది, పురుడయ్యాక కూడా, దీనివల్ల తగ్గుతుంది.

తరువాత ప్రాణాయామం. ఒక ముక్కుతో పీల్చి రెండోదానితో వదిలే నాడీశుద్ధి, మధ్యలో నిలపకుండా అయిదు నిమిషాలు. లేదా తుమ్మెద ఝుంకారంలా సన్నగా ధ్వని చేస్తూ గాలి వదిలే భ్రామరి. చివర శవాసనం. కానీ అయిదోనెల దాటాక వెల్లకిలా పడుకోకండి. గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి, గుండెకు తిరిగి వెళ్ళవలసిన రక్తం తగ్గుతుంది, తల తిరుగుతుంది. ఎడమవైపుకు తిరిగి, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకుని పదినిమిషాలు విశ్రమించండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేతుల మీద ఆనుకుని నెమ్మదిగా లేవండి.

శ్రమ ఎంతవరకు? ఆసనం వేస్తూ పక్కనున్నవాళ్ళతో ఆయాసం లేకుండా ఒక వాక్యం మాట్లాడగలగాలి. అది చేతకాకపోతే ఎక్కువైందన్నమాట.

ఇప్పుడు, ఇవన్నీ చెప్పటానికి కారణమైన ఒక సంగతి చెబుతాను. మా పైవాటాలో ఒక అమ్మాయి ఉండేది. తొలిచూలు. ఎంత శ్రద్ధంటే, పొద్దున్న ఆరింటికల్లా చాప పరిచేది. ఎనిమిదోనెలలో ఒకరోజు కిందికి వచ్చి, "పిన్నిగారూ, నిన్నట్నుంచీ తల పగిలిపోతోందండీ. రెండుసార్లు భ్రామరి చేశాను, తగ్గలేదు. ఇంకాసేపు చెయ్యమంటారా?" అంది. కళ్ళముందు మిణుగురుల్లా మెరుస్తున్నాయంది. నా చూపు ఆమె చేతుల మీద పడింది. ఏడోనెల సీమంతంలో నేనే వేసిన గాజులు అవి. ఆనాడు వదులుగా జారిన గాజులు ఇవాళ మణికట్టుకు కరుచుకుపోయి ఉన్నాయి. మొహం కూడా ఉబ్బింది. మారుమాట్లాడకుండా ఆటో పిలిపించాను. ఆస్పత్రిలో చూస్తే రక్తపోటు 160, 110! అశ్రద్ధ చేస్తే గుర్రపువాతమని చెప్పే మూర్ఛలు వచ్చి తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం అయ్యేది.

దారిలో ఆ పిల్ల అన్న మాట నేను మరిచిపోలేను. "రోజూ యోగా చేస్తున్నాను కదండీ, నాకేం కాదనుకున్నాను" అంది.

చూశారా! మందు వెయ్యవలసిన చోట ఆసనం వేస్తే యోగమే మనల్ని మోసం చేసినట్టవుతుంది. నిజానికి తప్పు యోగానిది కాదు. రోజూ చాప మీద కూర్చుని మన ఒంటిని మనం గమనించుకోవటం దేనికి? ఏదైనా ఒకరోజు తేడా వస్తే, అందరికంటే ముందు మనకే తెలియటానికి. తెలిశాక లేచి ఆస్పత్రికి వెళ్ళటమూ ఆ అభ్యాసంలో భాగమే.

అంచేత ఈ గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, ఆగి ఆగి పొట్ట బిగుసుకుని నొప్పి వస్తున్నా, తలనొప్పితో చూపు మసకబారినా, మొహమూ చేతులూ ఉబ్బినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పీ ఆయాసమూ వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా – ఆసనం ఆపెయ్యండి. రేపు చూద్దామనుకోవద్దు. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చెయ్యండి. నెలనెలా రక్తపోటు, మూత్రపరీక్ష చేయించుకోవటం, ఐరన్ మాత్రలు వేసుకోవటం ఆసనాలు వేసినా వెయ్యకున్నా తప్పవు.

ఇంకొక్కమాట. "యోగా చేస్తే ఆపరేషన్ లేకుండా కాన్పవుతుంది" అని పూచీ ఇచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. మన ఆడవాళ్ళకు ఆ ఆశ ఎందుకుండదు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. దేశం మొత్తానికి అది 21.5. ఆ అంకెలను తగ్గించే భారమంతా గర్భిణి చాప మీద పెట్టటం న్యాయం కాదు. అవసరం లేని ఆపరేషన్ ఎందుకని డాక్టరును నిలబెట్టి అడగండి. అవసరమైతే మాత్రం దాన్ని ఓటమి అనుకోకండి. మా పైవాటా అమ్మాయికీ ఆపరేషనే అయింది. బిడ్డ కాస్త చిన్నగా పుట్టాడు గానీ క్షేమం. "ఇన్నాళ్ళ యోగా వృథా అయిందండీ" అని కంటనీరు పెట్టుకుంది. "మరి థియేటర్ బయట గంటసేపు బల్ల మీద పడుకోబెట్టినప్పుడు ఏం చేశావే?" అని అడిగాను. "కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకున్నాను పిన్నిగారూ, భయం కాస్త సర్దుకుంది" అంది. "అయితే వృథా ఎక్కడయింది!" అన్నాను.

మీ ఇంట్లో చూలాలు ఉంటే రేపటినుంచి ఆ అరగంట ఆమెకు ఇవ్వండి. ఆమె కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు మీరు ఆమె చేతిగాజుల వంక ఒకసారి చూడండి.