కాలిగోటి శస్త్రచికిత్స: ముందుజాగ్రత్తలు



గోరుచుట్టుపై రోకటిపోటని మన పెద్దల సామెత. రోకటిపోటు లేకయే ఆ బాధ యెంతటిదో, బొటనవ్రేలి గోటియంచు మాంసములోనికి దిగి చీముపట్టినవారికి తెలియును. దుప్పటి తగిలినను ప్రాణము విలవిలలాడును. రాయపూరు మే నెల యెండలో దినమంతయు బూట్లతో తిరుగు ఉద్యోగికి చెమటయు ఒరిపిడియు తోడై బాధ యినుమడించును. సుశ్రుతుడు గోటివ్యాధులను క్షుద్రరోగములలో జేర్చెను. పేరు క్షుద్రమే గాని మనిషి నడక నాపగలదు.

పలువురు బ్లేడు పుచ్చుకొని గోటిమూలను తామే కోసికొందురు. లోపల మిగిలిన తునక ముల్లువలె మరింత దిగును. 1963లో వైద్యకళాశాలయు, 2012లో ఎయిమ్స్ ఆసుపత్రియు వెలసిన యీ నగరమున అట్టి సాహసమేల?

వైద్యుడు వ్రేలి మొదట లిగ్నోకైన్ సూదివేసి తిమ్మిరి కలిగించును. స్వీడను దేశపు రసాయనజ్ఞుడు లోఫ్‌గ్రెన్ 1943లో రూపొందించిన మందిది. సూది గ్రుచ్చునప్పుడు చురుక్కుమనును. పిమ్మట తాకిడి తెలియునే గాని నొప్పి తెలియదు. తరచుగా గోరంతయు గాక దిగిన యంచునే తీయుదురు.

భయపడవలసినది కత్తికి కాదు, దాపరికమునకు. మధుమేహమున్నవారు ఆ సంగతి మొదటనే చెప్పవలెను. వారి పాదములకు రక్తప్రసారము తగ్గియుండవచ్చును, స్పర్శ మందగించియుండవచ్చును. అట్టివారి పుండు త్వరగా మానదు, చీము పైకి ప్రాకును. "చెప్పిన ఆపరేషను మానివేయుదురేమో" యని దాచినవారు చిన్న గాయముతో పోవుదానిని వ్రేలికే ముప్పుగా తెచ్చుకొందురు. చెప్పినచో వైద్యుడు పాదముపై నాడి చూచి, రక్తములో చక్కెర పరీక్షించి, తగినట్లు నిర్ణయించును. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారును, పూర్వము ఏ సూదిమందైన పడనివారును అట్లే చెప్పవలెను. మాత్రలను తమంతట తాము మానరాదు.

స్త్రీలు ఆ పాదపు మట్టెలు ముందే తీయుట మంచిది. వ్రేళ్లు వాచినచో అవి బిగిసికొనును. మంగళకరములని సంకోచించువారికి అత్తగారే నచ్చజెప్పవచ్చును. గోళ్లరంగు చెరిపివేయవలెను, గోటి వన్నెచూచియే వైద్యుడు రక్తప్రసారము కనిపెట్టును. పసుపు, సున్నము పట్టింపరాదు.

వైద్యుడు వలదన్న దప్ప ఉపవాస మక్కరలేదు. పాదము కడిగికొని, ముందు తెరచియున్న వదులు చెప్పులతో, తోడొకరిని వెంటబెట్టుకొని వెళ్లవలెను. తిరుగుప్రయాణమున స్కూటరు నడుపరాదు. రెండుదినములు సెలవు ముందే వ్రాసి యిచ్చుట మేలు. కాలు దిండుపై ఎత్తిపెట్టుకొని పరుండవలసియుండును. పూర్తిగోరు తీసినచో తిరిగి పెరుగుటకు ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు పట్టును.