సూరతు నగరము కన్న నటుడు: సంజీవకుమార్



ఉద్యోగధర్మమున సూరతు నగరమునకు వచ్చి చేరిన తెలుగు కుటుంబమునకు ఈ ఊరు మొదట రెండు వస్తువులచేత పరిచితమగును. ఒకటి వస్త్రము, రెండవది జరీ. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిన కాలమున, పడమటి తీరమున తపతీనది యొడ్డున నున్న ఈ సూరతు వస్త్రవాణిజ్యమునకు ప్రధానమైన రేవుగా విలసిల్లుచుండెను. తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన పద్మశాలీ కుటుంబములు ఎన్నో దశాబ్దములుగా ఇచ్చటి మరమగ్గములపై పనిచేసి జీవించుచున్నవి. ఇచ్చటి జరీ దక్షిణదేశమునకు పయనించి కంచి పట్టుచీరల అంచులయందు మెరయుచున్నది. ఆ జరీ వ్యాపారమే ఇంటిపేరుగా గల ఒక గుజరాతీ కుటుంబమున 1938 జూలై 9వ తేదీన ఒక బాలుడు జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు హరిహర్ జేఠాలాల్ జరీవాలా. లోకమెరిగిన పేరు సంజీవకుమార్.

హిందీ చిత్రములు చూచిన తెలుగువారిలో "షోలే" చిత్రమందలి ఠాకూరును ఎరుగనివారు అరుదు. ఆ ఠాకూరు పాత్రధారి సూరతు నగరమున జన్మించినవాడని ఎరిగినవారు మాత్రము కొందరే. ఆయన నటజీవితమునకును తెలుగు చలనచిత్రములకును గల బంధుత్వమును ఎరిగినవారు మరింత తక్కువ. ఆ రెండు విషయములను చెప్పుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము. వానితోపాటు ఒక ప్రశ్న కూడ కలదు. నటుడు తన ముఖమును ప్రేక్షకునకు చూపుటకు వచ్చినవాడా, లేక పాత్రయొక్క ముఖమును చూపుటకు వచ్చినవాడా? సంజీవకుమార్ తన జీవితమంతయు ఈ ప్రశ్నకు ఒకే సమాధానము చెప్పెను. ఆ సమాధానమునకు వెల కూడ ఆయనయే చెల్లించెను.

బాల్యముననే ఆయన కుటుంబము సూరతు విడిచి బొంబాయికి తరలెను. యువకుడైన హరిహర్ చిత్రసీమకు ముందు రంగస్థలమును ఆశ్రయించెను. ప్రజానాట్యమండలియందు చేరి, గుజరాతీ, హిందీ నాటకములలో వేషములు వేసెను. అమెరికా నాటకకర్త ఆర్థర్ మిల్లర్ రచించిన "ఆల్ మై సన్స్" నాటకపు అనువాదమున వృద్ధుడైన తండ్రి పాత్రను ఆయన ధరించునప్పటికి వయస్సు ఇరువది రెండేండ్లు మాత్రమే. ఆ వయస్సున యువకుడెవ్వడైనను నాయక పాత్రను కోరును. ఈయన తలకు తెల్లరంగు పూసికొని నడుము వంచి రంగస్థలముపై నిలిచెను. ఆయన భవిష్యత్తంతయు ఆ ఒక్క వేషమున దాగియుండెనని చెప్పిన అతిశయోక్తి కాదు.

1960లో వెలువడిన "హమ్ హిందుస్తానీ" చిత్రమున చిన్న వేషముతో ఆయన తెరపైకి వచ్చెను. నాయకుడగుటకు మరి ఐదేండ్లు వేచియుండవలసి వచ్చెను. 1965లో "నిశాన్" చిత్రమున ఆ కోరిక తీరెను. 1966లో "కలాపి" అను గుజరాతీ చిత్రమున ఆ భాషయందలి ప్రసిద్ధ రాజకవి పాత్రను ధరించెను. అయినను చాలకాలము స్వల్పవ్యయముతో తీసిన చిత్రములే ఆయనకు లభించినవి. 1968లో "సంఘర్ష్" చిత్రమున మహానటుడు దిలీప్ కుమార్ ఎదుట నిలిచి నటించినప్పుడు, ఇతడెవ్వడని ప్రేక్షకులు వెదకి చూచిరి. అదే సంవత్సరము వెలువడిన "శికార్" చిత్రమునకు ఉత్తమ సహాయనటుడుగా ఫిల్మ్‌ఫేర్ బహుమానము లభించెను.

తెలుగువారికి ముఖ్యమైన సంవత్సరము 1970. ఆ కథ చెప్పుటకు ముందు మరియొక ప్రయాణికుని తలచుకొనవలెను. ఏలూరు సమీపమునగల సోమవరప్పాడున జన్మించిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు, అనగా ఎల్.వి. ప్రసాద్, యౌవనమున ఇల్లు విడిచి బొంబాయి చేరి, చిత్రశాలలలో చిన్నచిన్న పనులు చేసి పైకి వచ్చినవాడు. 1931లో వెలువడిన భారతదేశపు తొలి మాటల చిత్రము "ఆలం ఆరా"లోను, తెలుగు తొలి మాటల చిత్రము "భక్త ప్రహ్లాద"లోను ఆయన వేషములు వేసెను. తరువాత దర్శకుడై, నిర్మాతయై తెలుగు, తమిళ, హిందీ చిత్రసీమలను మూటిని ఒకే చేతితో నడిపెను. 1982 సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనను వరించెను.

1963లో కె. ప్రత్యగాత్మ దర్శకత్వమున, అక్కినేని నాగేశ్వరరావు నాయకుడుగా "పునర్జన్మ" అను తెలుగు చిత్రము వెలువడెను. ప్రేమించిన యువతిని కోల్పోయి మతి చలించిన యువకుని కథ అది. ఆ కథను ఎల్.వి. ప్రసాద్ "ఖిలౌనా" అను పేర హిందీలో నిర్మించి, పిచ్చివాడైన నాయకుని పాత్రను సంజీవకుమార్‌నకు అప్పగించెను. చందర్ వోహ్రా దర్శకుడు. 1970లో విడుదలయైన ఆ చిత్రము ఉత్తమ చిత్రముగా ఫిల్మ్‌ఫేర్ బహుమానము పొందెను. నాయిక ముంతాజ్ ఉత్తమ నటిగా ఎన్నికయ్యెను. ఉన్మాదిని నటించుట నటునకు సులభమైన ప్రలోభము; కేకలు వేసి, కన్నులు త్రిప్పి చప్పట్లు సంపాదింపవచ్చును. సంజీవకుమార్ ఆ పాత్రయందు ఉన్మాదమునకంటె దాని వెనుకనున్న దుఃఖమునే ఎక్కువగా చూపెను. ఏలూరు ప్రాంతపు నిర్మాత, సూరతు నటుడు, తెలుగున ముందుగా రూపొందిన చిత్రము: ఈ మూడును కలిసిన ఆ చిత్రమే ఆయనను మొదటి వరుసకు తెచ్చినది.

అదే సంవత్సరమున "దస్తక్" చిత్రము వెలువడెను. రాజేందర్ సింగ్ బేదీ దర్శకుడు. క్రొత్తగా పెండ్లియైన చిరుద్యోగి బొంబాయిలో ఇల్లు దొరకక వెదకి వెదకి ఒక వాటాలో చేరును. అందు పూర్వము పాటలు పాడు వేశ్య నివసించెనని పిమ్మట తెలియును. రాత్రివేళ పాత పరిచితులు వచ్చి తలుపు తట్టుచుందురు. పరాయి ఊరిలో అద్దె ఇంటికై తిరిగిన ఉద్యోగులకు ఆ దంపతుల భయమును, అవమానమును వివరింప నక్కరలేదు. ఈ పాత్రకు సంజీవకుమార్ జాతీయ ఉత్తమ నటుడుగా ఎంపికయ్యెను.

రెండవ జాతీయ పురస్కారము 1972లో గుల్జార్ తీసిన "కోశిశ్" చిత్రమునకు లభించెను. అందు నాయకుడును, నాయికయు మూగచెవిటివారు. నాయకునకు ఒక్క సంభాషణయు లేదు. కంఠస్వరము నటునకు సగము బలము. దానిని పూర్తిగా విడిచి, చేతులతోను, కనుబొమలతోను ఒక మనుష్యుని యౌవనమునుండి వార్ధక్యము వరకు ఆయన చూపెను. చివరకు వినికిడిగల కుమారుడు మూగచెవిటి కన్యను వివాహమాడుటకు నిరాకరించినప్పుడు ఆ తండ్రి పొందు ఆగ్రహము మాటలులేని ఆగ్రహము. మాటలున్న చిత్రములు పెక్కింటికంటె అది బిగ్గరగా వినబడును.

ఇక వయస్సు విషయము. జయభాదురి సంజీవకుమార్ కంటె దాదాపు పదేండ్లు చిన్నది. "కోశిశ్"లో ఆయన ఆమెకు భర్త. అదే 1972లో వెలువడిన "పరిచయ్"లో తండ్రి. 1973లో "అనామికా"లో ప్రియుడు. 1975లో "షోలే"లో మామగారు. ఒకే నటి ఎదుట ఇన్ని వరుసలు నిలుపుట, ప్రేక్షకుడు వీనిలో దేనినైనను నమ్మకుండుటకు వీలులేనట్లు చేయుట సామాన్యవిద్య కాదు. "షోలే" వెలువడునప్పటికి ఆయనకు ముప్పదియేడేండ్లు. దొంగ గబ్బర్‌సింగు చేతులు రెండును నరికివేయగా, శాలువ కప్పుకొని నిలుచు ఠాకూరునకు మిగిలినవి ముఖము, కంఠము మాత్రమే. 1978లో వచ్చిన "త్రిశూల్"లో ఆయన శశికపూర్‌నకు తండ్రిగా నటించెను. శశికపూర్ 1938 మార్చిలో జన్మించినవాడు. అనగా కుమారుడు తండ్రికంటె కొన్ని మాసములు పెద్ద! ఈ సంగతి తెలియనివారు చిత్రము చూచినచో ఊహింపనైన జాలరు.

తెలుగు చిత్రములతో ఆయన సంబంధము "ఖిలౌనా"తో ముగియలేదు. తమిళమున శివాజీ గణేశన్ తొమ్మిది పాత్రలు ధరించిన "నవరాత్రి" 1964లో వెలువడెను. 1966లో తెలుగున నాగేశ్వరరావు ఆ తొమ్మిది పాత్రలను పోషించెను. 1974లో "నయా దిన్ నయీ రాత్" పేర హిందీలో అవే తొమ్మిది పాత్రలు సంజీవకుమార్‌నకు లభించినవి. ఇద్దరు మహానటులు ముందే నడచిన బాటలో నడచుట కష్టము; పోలిక తప్పదు. ఆయన పోలికకు భయపడలేదు. దాసరి నారాయణరావు 1975లో తెలుగున తీసిన "స్వర్గం నరకం" చిత్రమును 1978లో తానే హిందీలో "స్వర్గ్ నరక్"గా తీసినప్పుడు అందును సంజీవకుమార్ ముఖ్యపాత్రధారి.

1975 నాటి "ఆంధీ", 1976 నాటి "అర్జున్ పండిత్" చిత్రములకు ఆయన వరుసగా ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడయ్యెను. 1977లో సత్యజిత్ రాయ్ "శతరంజ్ కే ఖిలాడీ" చిత్రమున, రాజ్యము చేజారుచుండగా చదరంగపు బల్లనుండి తల యెత్తని లక్నో జాగీర్దారు పాత్రకు ఆయననే యెన్నుకొనెను. 1982లో గుల్జార్ తీసిన "అంగూర్"లో కవలసోదరుల ద్విపాత్రాభినయము. షేక్స్పియరు హాస్యనాటకమునకు అది రూపాంతరము. దుఃఖపాత్రల నటుడు నవ్వింపలేడను మాటకు ఆ చిత్రమే ప్రత్యుత్తరము.

అయితే ఈ కథయందు వెలుగు మాత్రమే కలదని చెప్పుట న్యాయము కాదు. వృద్ధుని వేషమునకు సంకోచింపని నటుని చిత్రసీమ మరల మరల వృద్ధునిగనే చూడగోరినది. నలుబదియేండ్లు నిండకముందే నాయకుల తండ్రిగా ఆయన స్థిరపడెను. ఆయన ప్రతిభకు తగని సామాన్యచిత్రములును పెక్కు కలవు. ఆహారవిహారములయందు ఆయన నియమము పాటింపలేదనియు, రాత్రులు మేల్కొని ఉదయపు చిత్రీకరణకు ఆలస్యముగ వచ్చుచుండెననియు సహచరులు చెప్పియున్నారు. ఆయన అవివాహితుడుగనే యుండెను. హృద్రోగము సోకగా అమెరికాలో శస్త్రచికిత్స జరిగెను. 1985 నవంబరు 6వ తేదీన గుండెపోటుతో బొంబాయిలో కన్నుమూసెను. అప్పటికి వయస్సు నలుబదియేడు. ఇరువదిరెండవ యేటనే వార్ధక్యమును అభినయించిన మనుష్యుడు తన స్వంత వార్ధక్యమును చూడలేదు.

కె. ఆసిఫ్ దర్శకత్వమున గురుదత్ నాయకుడుగా 1963లో ప్రారంభమైన "లవ్ అండ్ గాడ్" చిత్రము గురుదత్ మరణముచేత నిలిచిపోయి, సంజీవకుమార్‌తో తిరిగి మొదలయ్యెను. 1971లో దర్శకుడు మరణించెను. అసంపూర్ణముగనే ఆ చిత్రము 1986లో వెలువడునప్పటికి ఈ నాయకుడును లేడు. నటుని ఆయుస్సునకును, చిత్రము ఆయుస్సునకును పొత్తు లేదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ జీవితమున గ్రహింపదగినది కొంత కలదు. ఏ ఊరికి బదిలీ యగుదుమో, ఏ పీఠమున కూర్చుందుమో నిర్ణయించునది వేరొకరు. నటునకును అంతియే, పాత్రను వ్రాయువాడు వేరొకడు. తనకిచ్చిన పాత్ర ముసలిదా, మూగదా, చేతులు లేనిదా అని సంజీవకుమార్ లెక్కింపలేదు. దానియందు మనుష్యుడు ఎచ్చట ఉన్నాడని మాత్రమే వెదకెను. ఇది అనుసరింపదగిన గుణము. శరీరమును అశ్రద్ధ చేయుట అనుసరింపదగనిది. కార్యాలయపు దస్త్రములమధ్య గుండెను మరచువారికి ఆయన నలుబదియేడవ యేడు ఒక హెచ్చరిక.

భారత తపాలాశాఖ 2013లో ఆయన చిత్రముతో తపాలా బిళ్ళ వెలువరించెను. సూరతు నగరపాలక సంస్థ పాల్ ప్రాంతమున నిర్మించిన ప్రేక్షాగృహము ఆయన పేరు ధరించియున్నది. ఆ దారిని పోవునపుడు తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లలకు ఆ పేరు చూపి, ఈ ఊరివాడే మన "పునర్జన్మ" కథకు హిందీలో ప్రాణము పోసెనని ఒక్కమాట చెప్పినచో చాలును. తీరిక దొరికిన ఆదివారమున ఇంటిల్లిపాది "కోశిశ్" చిత్రము చూచినచో మరియు మేలు. హిందీ రాని అవ్వకు కూడ అందు నాయకుని హృదయము పూర్తిగా అర్థమగును. అతని భాష ఏ ప్రాంతమునకును చెందినది కాదు గదా!