క్రొత్త నర్సులకుఁ దొలి కొలువు



వైద్యుఁడు, ఔషధము, ఉపచారకుఁడు, రోగి యను నాలుగు పాదములపైఁ జికిత్స నిలుచునని చరకసంహిత చెప్పుచున్నది. ఉపచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము వలయునట. జ్ఞానము పాఠశాలలో నబ్బును. దక్షత రోగి మంచముకడనే యబ్బును.

మన బాలికలు కొందఱు రెండేండ్ల ఏ.ఎన్.ఎం. శిక్షణమును, అందలి కడపటి యాఱునెలల ప్రత్యక్షాభ్యాసమును ముగించి, నర్సింగు కౌన్సిలునందుఁ బేరు నమోదు చేయించుకొని వచ్చుచున్నారు. కొలువడుగఁబోయిన "అనుభవమున్నదా?" యని యందురు. ఈఁత వచ్చువఱకు నీట దిగరాదన్నచో ఈఁత యెన్నఁడు వచ్చును? మా శిష్యురాలొకతె అనుభవము కొఱకని యొక ఆసుపత్రిలో నాఱునెలలు జీతములేక పనిచేసి, తుదకు అనుభవపత్రమైన లేకయే తిరిగివచ్చెను. ఆమె కన్నీరు మేము చూచితిమి.

కావున ఆసుపత్రులు గల మన దాతలకు మా విన్నపమిది: ఏఁటేఁట నొకరిద్దఱిని జీతమిచ్చి చేర్చుకొని, అనుభవముగల సిస్టరుచెంత నుంచి పని నేర్పింపుఁడు, ఏఁడాది నిండఁగానే, చేసిన పనులను వివరించు పత్రమొసఁగుఁడు.

అమ్మాయిలారా! రాత్రివంతునకు వెఱవకుఁడు. నాడి, జ్వరము, రక్తపుపోటు చూచినవెంటనే వ్రాసికొనుఁడు. తెలియనిదాని నడుగుటకు సిగ్గుపడకుఁడు. తల్లిదండ్రులారా! పెండ్లిచూపులలోఁ గూఁతురి వృత్తిని దాఁపక, గర్వముగాఁ జెప్పుఁడు.

స్వస్తి.