డీజిల్ బండి, కొండదారి, చలికాలము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు సభలలో సాధారణముగా సాహిత్యమును గూర్చియు, సంగీతమును గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. అట్టి వేదికపై నొక మోటారుబండిని గూర్చి మాట్లాడుమని కార్యవర్గమువారు నన్ను కోరుట వింతగా తోపవచ్చును. కాని కారణము లేకపోలేదు. ఉద్యోగవిరమణ చేయుచున్న మన సభ్యులలో కొందరు, చేతికందిన భవిష్యనిధి సొమ్ముతో డీజిల్ పికప్పు బండి కొనవలెనని తలపోయుచున్నారు. ఒకరికి స్వగ్రామమున తోటపనికి కావలెను. ఒకరికి కుమారుని వ్యాపారమునకు కావలెను. యువకులకు లద్దాఖు యాత్ర చేయవలెనని ఉబలాటము. ఒక జీవితకాలపు కూడబెట్టు, అంతకు మించి బండిలో కూర్చున్నవారి ప్రాణములు, ఈ విషయముతో ముడిపడియున్నవి. వాహనముల మరమ్మతు పనిలో తల నెరసినవాడను గనుక, తెలిసినంత మనవి చేసెదను.

మొదట డీజిల్ యంత్రమనగా నేమో చూతము. పెట్రోలు యంత్రములో గాలియు ఇంధనమును కలిసిన మిశ్రమమునకు విద్యుత్ రవ్వ నిప్పంటించును. డీజిల్ యంత్రములో రవ్వ లేదు. గాలిని దాని పరిమాణములో పదునారవ వంతునకో, పదునెనిమిదవ వంతునకో అణచివేయుదురు. సైకిలు పంపు కొట్టినపుడు దాని మొదలు వేడెక్కుట మీరెరుగుదురు గదా! ఆ న్యాయముననే అణగిన గాలి 500 డిగ్రీలకు పైబడి వేడెక్కును. అందులోనికి నూనెను తుంపరగా చిమ్మగనే తనంత తానే మండును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు ఈ సూత్రముపై పనిచేయు యంత్రమును 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున జయప్రదముగా నడిపి చూపెను.

ఇందొక చిత్రమైన సంబంధము కలదు. ఆయన యంత్రమును నిర్మించిన ఆగ్స్‌బర్గ్ కర్మాగారమే కాలక్రమమున ఎం.ఎ.ఎన్. అను సంస్థ ఆయెను. ఆ సంస్థ సహకారముతోనే 1959లో మన పొరుగుననున్న జబల్‌పూరులో సైన్యమునకు శక్తిమాన్ లారీల తయారీ ఆరంభమైనది. మన భిలాయి మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించినదియు ఆ 1959లోనే, ఫిబ్రవరి 4వ తేదీన. మరుసటి యేడు, 1960 మే నెలలో, సరిహద్దు రహదారుల సంస్థ ఏర్పడినది. ఉక్కు, లారీ, రహదారి అను మూడును ఇంచుమించు ఒకే కాలమున పుట్టి, హిమాలయములపైకి దారి చేసినవి.

డీజిల్ బండి బరువు లాగుటకేల తగినది? నెమ్మదిగా తిరుగునపుడే దానికి త్రిప్పుబలము హెచ్చు. ఎద్దుకును గుఱ్ఱమునకును గల భేదమువంటిది. పందెమునకు గుఱ్ఱము, బురదలో దిగబడిన బండికి ఎద్దు. పైగా లీటరు పెట్రోలులోకంటె లీటరు డీజిలులో శక్తి యెక్కువ. దానిని పనిగా మార్చుటలో డీజిల్ యంత్రము నేర్పరి.

అట్లని అందరును డీజిల్ బండి కొనవచ్చునా? ఇది నిదానించి ఆలోచింపవలసిన సంగతి. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున భారత్ స్టేజి-6 ప్రమాణము అమలులోనికి వచ్చినది. డీజిలులోని గంధకమును పదిలక్షల పాళ్లలో 50 నుండి 10కి తగ్గించిరి. పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ నమర్చిరి. ఇది మేలైన మార్పే. డీజిల్ పొగ మనుష్యులకు పుట్టకురుపు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగము 2012లోనే నిర్ణయించినది. కాని ఆ జల్లెడలో చేరిన మసి కాలిపోవలెనన్న, బండి అప్పుడప్పుడు దూరముగా, వేడిగా నడువవలెను. సెక్టారులోని యింటినుండి సివిక్ సెంటరు వరకు, అక్కడనుండి మైత్రీబాగ్ వరకు మాత్రమే తిరుగు బండిలో జల్లెడ పూడుకొనిపోవును. మార్పించుటకు పెద్ద మొత్తమగును. కావున ఊరిలో తిరుగువారికి పెట్రోలు బండి చాలును. నెలకు పలుమార్లు బరువుతో దూరము పోవువారికే డీజిల్ గిట్టును.

వ్యక్తిగత వాహనముగా నమోదగు పికప్పులు మన దేశమున కొలదిగానే కలవు. వానిలో ఒకటైన ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్, 2016లో ప్రారంభమైన శ్రీసిటీ కర్మాగారమున, అనగా మన తెలుగునేలపైననే, తయారగుట మనకు సంతోషకరము. తక్కినవి పెక్కులు సరకు బండ్లుగా నమోదగును. లైటు మోటారు వాహనపు లైసెన్సు కలవారు 7,500 కిలోల లోపు రవాణా బండిని నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. లైసెన్సు సంగతి తీరినది గాని, మరియొక సంగతి తీరలేదు. సరకు తొట్టిలో బంధువులను కూర్చుండబెట్టి పెండ్లికిని, తీర్థమునకును పోవు అలవాటు మనవారిలో ఇంకను కలదు. తొట్టికి ఆసనము లేదు, పట్టీ లేదు, కప్పు లేదు. బండి యొకమారు పొర్లినచో అందులోనివారు గుండ్రాళ్లవలె ఎగిరిపడుదురు. అట్టి ప్రమాదమున బీమావారును పరిహారమునకు పేచీ పెట్టుదురు. ఇంటి యిల్లాండ్రు ఈ యొక్క విషయమున పట్టుపట్టినచో, ఎన్నో ప్రాణములు దక్కును.

ఇక లాగుట. ట్రైలరు కట్టినంతనే బండి స్వభావము మారును. బరువులో నించుమించు పదవవంతు కొక్కెముపై నుండునట్లు సరకు సర్దవలెను. బరువంతయు ట్రైలరు వెనుక చేరినచో అది తోకవలె అటునిటు ఊగి, తుదకు ముందు బండినే పడద్రోయును. ఊగుడు ఆరంభమైనపుడు వేగము పెంచుటయు, చక్రమును అటునిటు త్రిప్పుటయు ఆపద. యాక్సిలరేటరు వదలి, చక్రమును సూటిగా పట్టుకొనవలెను. చెడిపోయిన బండిని లాగునపుడు రెంటి నడుమ దూరము 5 మీటర్లు మించరాదనియు, వేగము గంటకు 25 కిలోమీటర్లు దాటరాదనియు 2017 నాటి నిబంధనలు చెప్పుచున్నవి.

మనలో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు హెచ్చు. మనకు స్వగ్రామపు దారి రాయపూరు, ధమ్తరి, కేశ్‌కాల్ ఘాటు, జగదల్‌పూరు, కోరాపుట్టు మీదుగా సాలూరు దిగును. పూర్వము 43వ జాతీయ రహదారి అని పిలిచినది ఇదియే. ఈ దారిలో ఎక్కుటకంటె దిగుటయే గండము. లెక్క చూడుడు. బండియు ట్రైలరును కలిసి 3 టన్నులనుకొనుడు. ఘాటులో 600 మీటర్లు దిగినదనుకొనుడు. ఆ దిగుటలో విడుదలయగు శక్తి అంతయు వేడిగా మారినచో, 60 లీటర్ల చన్నీటిని మరిగింపజాలును. ఆ వేడినంతను నాలుగు చక్రముల బ్రేకులే మ్రింగవలెనన్న ఎట్లు సాధ్యము? బ్రేకు దిమ్మలు కాలి జారిపోవును. ద్రవము మరిగి పెడలు నేలకంటును. అందుచేతనే పాత లారీ చోదకులు, ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనని శిష్యులకు నేర్పుదురు. తక్కువ గేరులో యంత్రమే బండిని వెనుకకు పట్టి నిలుపును. బ్రేకును ఎడతెగక నొక్కి పట్టక, గట్టిగా నొక్కి వదలుచు రావలెను. న్యూట్రలులో వేసి నూనె ఆదా చేయుదమనుకొనుట చావును అద్దెకు తెచ్చుకొనుట.

తుదకు చలి. కోరాపుట్టు పీఠభూమిపైనను, అరకులోనను, లంబసింగిలోనను ధనుర్మాసపు తెల్లవారుజామున మంచు కమ్ముకొనును. అక్కడ శత్రువు చలికంటె మంచుతెర. పెద్దదీపము వేసిన తెల్లని గోడ కనబడును గాని దారి కనబడదు, చిన్నదీపమే మేలు.

లద్దాఖు సంగతి వేరు. డీజిలులో మైనము కరగియుండును. చలికి నేయి పేరుకొనునట్లు ఆ మైనము పలుకులుగా తేలి వడపోతను మూసివేయును. మన దేశపు ప్రమాణము ప్రకారము మామూలు డీజిలు చలికాలమున 3 డిగ్రీల వరకు, తక్కిన కాలమున 15 డిగ్రీల వరకు ప్రవహించిన చాలును. భిలాయిలో నది చాలును. ద్రాసులో ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీలు దిగువకు పోవుట కద్దు. అచ్చట అదియేమి చాలును? పూర్వము చోదకులు తొట్టి క్రింద కుంపటి పెట్టెడివారు, కిరసనాయిలు కలిపెడివారు. మొదటిది అగ్నితో చెలగాటము. రెండవది నేటి సున్నితమైన పంపులను అరుగదీయును, పైగా నేరము. ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్టు శుద్ధికర్మాగారమున తయారు చేసి, 2019 నవంబరులో లద్దాఖునకు ప్రత్యేకమైన చలికాలపు డీజిలును ప్రవేశపెట్టినది. అది సున్నకు 33 డిగ్రీలు దిగువ వరకును ప్రవహించును. కాబట్టి యాత్రికుడు చేయవలసినది సులభము. మైదానమున నింపిన నూనెను దారిలో వాడుకొని, తొట్టి అడుగంటుచుండగా పైప్రాంతమున అక్కడి నూనెను నింపుకొనవలెను. నిండుతొట్టితో పోవుట ఇక్కడి చలిని నమ్మి అక్కడి చలిలో పడుకొనుట వంటిది.

రేడియేటరులో సగము నీరు, సగము గ్లైకాలు పోసినచో సున్నకు 35 డిగ్రీలు దిగువ వరకు భయము లేదు. చలిలో బ్యాటరీ సత్తువ సగమునకు పడిపోవును. బయలుదేరుటకు ముందే పాతదానిని మార్చుడు. యూరియా ద్రవము పోయు బండ్లలో అది సున్నకు 11 డిగ్రీలు దిగువనే గడ్డకట్టును. కరగించు ఏర్పాటు పనిచేయుచున్నదో లేదో చూచుకొనుడు. ఉదయమున గ్లో ప్లగ్గుల దీపము ఆరువరకు ఓపిక పట్టి తాళము త్రిప్పుడు. రాత్రి చేతిబ్రేకు వేసినచో తడి గడ్డకట్టి బిగుసుకొనవచ్చును. గేరులో నుంచి చక్రములకు రాళ్లు పెట్టుడు. అన్నింటికంటె ముఖ్యము: తలుపులు మూసి, యంత్రమును ఆడనిచ్చి, వెచ్చదనమునకు బండిలో నిద్రింపరాదు. పొగగొట్టమునకు మంచు అడ్డుపడిన యెడల విషవాయువు లోనికి చేరును. దానికి వాసన లేదు. నిద్రలోనే ప్రాణము పోవును.

టంగ్లంగ్ లా వంటి 5,300 మీటర్ల కనుమలపై గాలి పీడనము సముద్రతీరమున నున్నదానిలో సగమే. టర్బో గాలిని కూరి పెట్టును గనుక బండి ఎక్కును. మనుష్యునకు టర్బో లేదు. 3,500 మీటర్ల ఎత్తున గల లేహ్‌లో రెండు దినములైన విశ్రమించి పిమ్మట పైకి పొండు.

సోదరులారా! ఇనుము సంగతి మనకంటె నెరిగినవారెవరు? కొలిమిలోని ఉక్కును వేళకాక ముందు వంచము, వేళ మించిన పిదప కొట్టము. బండియు నట్టిదే. దానికి చేతనైనదానిని చేయనిచ్చి, చేతగానిదానిని కోరకుండుటయే యజమాని విజ్ఞత. కష్టార్జితముతో కొనదలచినవారు ముందుగా ఒక కాగితముపై మూడు ప్రశ్నలు వ్రాసికొనుడు: నెలకెంత దూరము? ఎంత బరువు? ఏ దారి? ఈ మూటికి జవాబు దొరకిన పిమ్మటనే దుకాణమున కాలు పెట్టుడు. కొన్నవారు సాలూరు ఘాటు క్షేమముగా దిగి, ఇంటివారి ముఖము చూచి, తిరిగి మన యుగాది సభకు రావలెనని కోరుచున్నాను.