సెలీనియం లోపం – పశువుల కణరక్షణ

సెలీనియం పశువుల శరీరానికి అతి స్వల్పంగా కావలసిన ఖనిజం. కిలో ఎండు మేతలో 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాముల దాకా ఉంటే చాలు. అది నేల నుంచి గడ్డికి, గడ్డి నుంచి పశువుకు చేరుతుంది. న్యూజిలాండ్‌లో చాలాచోట్ల నేలలో సెలీనియం తక్కువ. అక్కడి గొర్రెల మందల్లో ఈ లోపం బాగా కనిపించడానికి కారణం అదే.

కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి హానికర పదార్థాలు పుడతాయి. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా మార్చేస్తుంది. ఈ ఎంజైమ్‌లో సెలీనియం ఒక భాగమని 1973లో తేలింది. మేతలో సెలీనియం తగ్గితే ఎంజైమ్ పనితీరు పడిపోతుంది. పెరాక్సైడ్లు పేరుకుని కణాల పొరల్లోని కొవ్వును దెబ్బతీస్తాయి. ఆ కొవ్వుకు విటమిన్ ఇ కూడా రక్షణ కల్పిస్తుంది. అందువల్ల రెండూ ఒకేసారి లోపిస్తే నష్టం తీవ్రమవుతుంది.

ఎక్కువగా పనిచేసే కండరాలు ముందుగా దెబ్బతింటాయి. గొర్రెపిల్లల్లో, దూడల్లో కండరాలు పాలిపోయి తెల్లని చారలు పడతాయి. నడక బిగుసుకుపోతుంది. గుండె కండరం దెబ్బతింటే హఠాత్తుగా చనిపోవచ్చు. కోడిపిల్లల్లో చర్మం కింద నీరు చేరుతుంది. తెల్ల రక్తకణాలు బలహీనపడి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. ఆవుల్లో ఈనిన తర్వాత మాయ పడకపోవడం, పొదుగువాపు ఎక్కువవుతాయి.

లోపాన్ని రక్తపరీక్షతో గుర్తించి, ఖనిజ మిశ్రమంతో గాని ఇంజెక్షన్‌తో గాని సరిచేయవచ్చు. అయితే మోతాదు మించితే సెలీనియం విషమే. కాబట్టి పశువైద్యుల సలహా లేకుండా దాన్ని వాడకూడదు.